పాఠకుల ప్రశ్న – జవాబు: టెలికాం కంపెనీలు అడిగే వాటా

ప్రశ్న: మాది కావలి దగ్గర రొయ్యల చెరువుల ఊరు. వంద కౌంటు (కిలోకు వంద రొయ్యలు) రేటు మొదలు మేత ధర దాకా అన్నీ వాట్సాప్‌లోనే చూసుకుంటాము. తమ నెట్‌వర్క్ మీద నడిచే పెద్ద యాప్‌లు తమకు వాటా చెల్లించాలని టెలికాం కంపెనీలు అడుగుతున్నాయట. అది న్యాయమే కదా? 2015లో ఫేస్‌బుక్‌లో ‘ఫ్రీ బేసిక్స్’కు మద్దతుగా నేనూ మీట నొక్కాను. ఆ మద్దతు ఏమైంది?
– ఒక రొయ్యల రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు రెండో ప్రశ్న చూద్దాము. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపే ఆ పథకాన్ని 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టాయి. అప్పట్లో దాని పేరు ఇంటర్నెట్.ఆర్గ్. చూసే సైటును బట్టి డేటా ధర మారవచ్చునా అని ఆ డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చర్చాపత్రం ఇచ్చి నాలుగు ప్రశ్నలు అడిగింది. మీరు మీట నొక్కగానే, ముందే రాసిపెట్టిన ఉత్తరం మీ పేరుతో ట్రాయ్‌కు వెళ్లింది. అందులో పథకం మంచిదన్న మాట ఉన్నదే గాని, అడిగినవాటికి సమాధానం లేదు. సంప్రదింపులను తలలు లెక్కపెట్టే పోలింగుగా మార్చారని ట్రాయ్ ఆక్షేపించి, 2016 ఫిబ్రవరి 8న అటువంటి ధరల తేడాను నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా.

మీరు కనీసం మీట నొక్కారు. అమెరికాలో 2017లో ఇటువంటి వివాదం (నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్ కంపెనీలు అన్ని సైట్లనూ ఒకేలా చూడాలన్న నియమం) మీద వచ్చిన సుమారు 2.2 కోట్ల అభిప్రాయాల్లో దాదాపు 1.8 కోట్లు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ దర్యాప్తు 2021లో తేల్చింది. వాటిలో 85 లక్షలు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల సొమ్ముతో నడిచిన ప్రచారం నుంచి వచ్చినవే, అదీ ఆ పేర్లు గలవారికి తెలియకుండానే.

మన దగ్గర సెల్యులర్ ఆపరేటర్ల సంఘం 2015లో ‘సబ్‌కా ఇంటర్నెట్, సబ్‌కా వికాస్’ అంటూ ప్రచారం నడిపింది. అడిగేది కంపెనీ రాబడి గురించే అయినా, ముందు నిలబెట్టేది నెట్ అందని పేదవాణ్ని. ఈ ఎత్తు అన్నిటికంటే బలమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే కాదన్నవాడు పేదల విరోధిగా కనబడతాడు.

ఇక వాటా సంగతి. మేత కంపెనీ పంపిన వీడియోను మీరు తెరిస్తేనే ఆ డేటా మీ ఫోనుకు వస్తుంది, దానికి రీఛార్జి రూపంలో మీరు ముందే చెల్లించారు. యాప్ నడిపేవారు తమ వైపు నెట్ ఖర్చు తాము పెట్టుకుంటారు. మధ్యలో మూడో రుసుము వసూలు చేస్తే, పెద్ద సంస్థ దాన్ని భరించగలదేమో గాని, ఒంగోలులో నలుగురు కుర్రవాళ్లు పెట్టిన యాప్ భరించలేదు. స్పెక్ట్రమ్ (ఫోన్ సంకేతాలు నడిచే తరంగాలు) వేలం, లైసెన్సు రుసుముల భారం గురించి కంపెనీలు చెప్పే గోడు అబద్ధమేమీ కాదు. అయితే ఆ మాట అడగవలసింది కేంద్ర ప్రభుత్వాన్ని.

ట్రాయ్ చర్చాపత్రాలు, వాటిపై కంపెనీల జవాబులు దాని వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. ఈసారి అభిప్రాయం పంపదలిస్తే, ప్రశ్న సంఖ్య వేసి, మీ చెరువు లెక్కలతో, మీ మాటల్లోనే రాయండి.