వృద్ధాశ్రమంలో పాత సంగతులు చెప్పిస్తే పెద్దవాళ్ళకు బాధ పెరుగుతుందా?

మీ నాన్నగారు ఉంటున్న వృద్ధాశ్రమంలో వారానికోసారి అందరినీ కూర్చోబెట్టి పాత రోజుల గురించి మాట్లాడిస్తున్నారని, పోయినసారి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని, ఇది మానిపించాలా అని అడిగారు. మానిపించకండి. కొన్నేళ్ళుగా ఒక వృద్ధాశ్రమంలో ఇలాంటి కబుర్ల కార్యక్రమం నడుపుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఆ కన్నీళ్ళు చూసి భయపడేది మనమే, వాళ్ళు కాదు.

మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ఫైలులో షుగరు, బీపీ, వినికిడి తక్కువ, ఎవరితోనూ కలవరు అని రాసి ఉండేది. ఒకరోజు మేం అనుకున్న విషయం మొదటి ఉద్యోగం. రిటైరైన టీచరుగారు ఒకావిడ, బడికి టెలిగ్రాం వస్తే స్టాఫ్ రూములో దాన్ని విప్పడానికి ఎవరికీ చేతులాడేవి కావని చెబుతున్నారు. మూల కూర్చున్న ఈయన వేలితో కుర్చీ చేతిమీద టకటకా కొట్టడం మొదలుపెట్టారు. ఆవిడ ఆగి, "ఏంటండీ ఆ చప్పుడు?" అన్నారు.

"మీ పేరమ్మా" అన్నారాయన.

టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేశారట. అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. ఇక నా పేరు కొట్టండి, నా పేరు కొట్టండి అని అందరూ వెంటపడ్డారు. టెలిగ్రాం పంపే మోర్స్ కోడ్‌లో ఒక్కో అక్షరానికి చుక్కలు, గీతలుగా కొన్ని దెబ్బలుంటాయని, ఇంగ్లీషులో తరచుగా వచ్చే అక్షరాలకు తక్కువ దెబ్బలు పెట్టారని, 'ఈ'కి ఒకటే చుక్క, 'టీ'కి ఒకటే గీత అని వేళ్ళతో చూపించారు. ఎవరి పేరు తొందరగా అయిపోతుందో, ఎవరిది సాగుతుందో చెప్పి నవ్వించారు. ఆ తర్వాత తనే గొంతు తగ్గించి, చావు కబుర్లు ఎన్ని రాసుకున్నానో లెక్కలేదు, ఒకదానికి గుండె బరువెక్కేలోపే ఇంకొకటి వచ్చేది, డ్యూటీలో ఏడవడానికి ఎక్కడ కుదురుతుంది అన్నారు. అంటూ అంటూ ఏడ్చేశారు. ఆయా పరుగున వచ్చి గదికి తీసుకెళ్ళబోయింది. టీచరుగారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఉండనివ్వమ్మా, ఆయన చెప్పడం ఇంకా అవలేదు" అన్నారు. అప్పుడు ఇంకొకాయన, తన తమ్ముడు పోయిన కబురు అలాంటి కాగితం మీదే వచ్చిందని, అది రాసుకున్నవాళ్ళకీ బాధ ఉంటుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదని అన్నారు.

మరుసటి వారం ఆ పెద్దాయన గడ్డం గీసుకుని అందరికంటే ముందు వచ్చారు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆయనతో సాయంత్రాలు కలిసి నడవడం కూడా అప్పుడే మొదలైంది. మందులేమీ మారలేదు.

ఇదంతా పదిమంది మధ్య జరిగింది కాబట్టే జరిగిందని నా నమ్మకం. నేనొక్కదాన్నే ఆయన గదికి వెళ్ళి మీ ఉద్యోగం గురించి చెప్పండి అని అడిగి ఉంటే రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవారు. ఇంగ్లండులో క్యాథరిన్ హాస్లమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం వృద్ధాశ్రమాల్లో చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిచేత గుంపులో, కొందరిచేత విడివిడిగా పాత సంగతులు చెప్పించారు. ఇంకొందరి చేత కలిసి ఆట ఆడించారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగుపడింది గుంపులో చెప్పుకున్నవాళ్ళే. ఆట ఆడినవాళ్ళకు మనసు కుదుటపడింది. రెంటిలోనూ నాకు కనిపించేది తోడే. వయసు మీదపడ్డాక వెనక్కి చూసుకోవడం మతి తప్పడం కాదు, బతుకును సరిచూసుకోవడం అని రాబర్ట్ బట్లర్ అనే వైద్యుడు 1963లోనే రాశారు. మన ఆశ్రమాల్లో చాలామంది సిబ్బందికి ఆ మాట ఇప్పటికీ చేరలేదు.

ఇక టీవీ సంగతి చెప్పకుండా ఉండలేను. హాల్లో పొద్దుటినుంచీ రాత్రిదాకా అది మోగుతూనే ఉంటుంది, ఎవరూ చూడరు. చెవి మిషను పెట్టుకున్నవాళ్ళకు మనిషి మాటతోపాటు ఆ రొదంతా కలిసి వినిపిస్తుంది, దాంతో మాట్లాడే ప్రయత్నమే మానేస్తారు. ఎవరితోనూ కలవరని రాసేముందు టీవీ కట్టేసి చూడాలి. కబుర్లను క్విజ్ చేసేవాళ్ళమీద కూడా నాకు కోపమే. "అది ఏ సంవత్సరం తాతగారూ, గుర్తు తెచ్చుకోండి" అని అందరిముందు నిలదీస్తారు. మతిమరుపు ఉన్న మనిషికి అంతకన్నా అవమానం లేదు. పెళ్ళయిన ఏడు తప్పు చెబితే వచ్చే నష్టమేమిటి? చెప్పనివ్వాలి. ఫొటోల కోసం ఒక పూట వచ్చి వెళ్ళేవాళ్ళను మాత్రం నేను గుమ్మం దాటనివ్వను. అదే మనుషులు, అదే వేళ, వారం వారం కూర్చుంటేనే ఒకరికొకరు నోరు విప్పుతారు.

బలవంతం మాత్రం వద్దు. కొన్ని గాయాలు ఎవరూ కదపకూడనివి ఉంటాయి. వద్దన్నవారిని వదిలేయాలి, విని కూర్చుంటామన్నా చాలు.

ఈసారి వెళ్ళినప్పుడు నిర్వాహకులను అడగండి: నాన్నగారు ఏడ్చాక పక్కన ఎవరున్నారు, ఆ రాత్రి నిద్రపోయారా, మర్నాడు అన్నం తిన్నారా. రోజులు గడిచినా తేరుకోకపోతే డాక్టరుకు చెప్పాల్సిందే. తేరుకుని ఉంటే, ఆయన ఉద్యోగం నాటి వస్తువు ఏదైనా ఇంట్లో ఉంటే వెతికి పట్టుకెళ్ళండి. మీకు కాదు, వచ్చేవారం అందరికీ చూపించమని ఆయన చేతికివ్వండి.