సీఎస్ వద్దట, సాఫ్ట్‌బాల్ కోచ్ అవుతుందట!

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి పదకొండో గ్రేడ్. ఎనిమిదో ఏట నుంచి సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతోంది, ఊరూరా టోర్నమెంట్లు ఆడే ట్రావెల్ టీమ్‌లో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ప్లేయర్. లెక్కల్లో ఎప్పుడూ ముందే ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ చేస్తుందని మేం నిశ్చింతగా ఉంటే, ఈమధ్య ‘కాలేజీ టీమ్‌కి హెడ్ కోచ్ అవుతా’ అని మొదలుపెట్టింది. మావారేమో మధ్యేమార్గంగా స్పోర్ట్స్ అనలిటిక్స్ చేయమంటున్నారు. మనవాళ్లలో ఈ పని చేసేవాళ్లెవరూ నాకు తెలియదు. కోచింగ్‌నీ సీఎస్‌నీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఓ తల్లి

జవాబు: పోలుస్తానమ్మా, కానీ మీ భయం జీతం గురించి మాత్రమే కాదనిపిస్తోంది. సీఎస్ అయితే ఏ కాలేజీ, ఏ కోర్సు, ఏ కంపెనీ అని అడగడానికి మీకు పదిమంది ఉన్నారు. ఇక్కడ ఒక్కరూ లేరు. అమ్మాయి తెలియని ఊళ్లో ఒంటరిగా బస్సు దిగినట్టు ఉంది మీకు. సంగీతమైనా, డిజైనైనా, వంటైనా, తల్లిదండ్రులు నా దగ్గరికి తెచ్చే భయం చాలాసార్లు ఇదే.

ముందు కొంచెం కటువుగా ఒక మాట. ఎనిమిదో ఏట ఆ పిల్ల చేతికి గ్లవ్ తొడిగింది మీరే. శని, ఆదివారాలు టోర్నమెంట్లకు కారు తోలింది, హోటళ్లకు, ప్రైవేట్ పాఠాలకు, వందల డాలర్ల బ్యాట్‌లకు డబ్బు కట్టింది మీరే. స్కాలర్‌షిప్ వస్తుందనో, అప్లికేషన్‌లో బాగుంటుందనో చేసి ఉంటారు. తప్పులేదు. కానీ ఇన్నేళ్లు మైదానంలో పెంచి, ఇప్పుడు ‘ఇక చాలు, ఇంటికి రా’ అంటే ఎలా వస్తుంది? మీరు ఆటని అప్లికేషన్‌లో ఒక లైను అనుకున్నారు, తను నిజంగానే ఇష్టపడింది. అది తన తప్పా?

ఇక విషయానికి వద్దాం. ఇరవై రెండేళ్లకు ఎవరూ మంచి కాలేజీకి హెడ్ కోచ్ అయిపోరు. కాబట్టి మీ ఇంట్లో ఈ పూటే తేల్చాల్సిందేమీ లేదు. నాలుగేళ్లు ఏదో ఒక స్థాయిలో ఆడాలి. తర్వాత చాలామంది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరతారు. మాస్టర్స్ ఫీజులో కొంతో పూర్తిగానో కాలేజీ భరిస్తుంది, చేతికి మాత్రం కొద్దిపాటి డబ్బే వస్తుంది. ఆ తర్వాత అసిస్టెంట్ కోచ్‌గా రెండు మూడు రాష్ట్రాలు తిరగాలి. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఒకప్పుడు జీతం లేని వాలంటీర్ అసిస్టెంట్ పోస్టు ఒకటి ఉండేది. 2023 జూలై నుంచి దానికీ జీతం ఇవ్వడానికి, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ దారి తెరిచింది. అయినా మొదటి పదేళ్లు డబ్బు పరంగా ఇరుకే. మీ ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

టీవీలో ఓక్లహోమా సిటీలో జరిగే విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ (కాలేజీ సాఫ్ట్‌బాల్ టైటిల్ పోటీలు) చూసి పిల్లలకు ఆశ పుడుతుంది, సహజమే. ఓక్లహోమా యూనివర్సిటీ కోచ్ ప్యాటీ గాసో 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు గెలిచారు, ఆవిడ జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. అయితే ఆవిడ మొదలుపెట్టింది ఎక్కడో మీ అమ్మాయికి చెప్పండి. కాలిఫోర్నియాలో లాంగ్‌బీచ్ సిటీ కాలేజీ, అంటే రెండేళ్ల కాలేజీ. ఓక్లహోమాకు వచ్చిన కొత్తలో టీమ్ ఆడింది ఊరి పార్కులోని మైదానంలో. అరిజోనాకు ఎనిమిది టైటిళ్లు తెచ్చిన మైక్ కాండ్రియా కూడా ముందు సెంట్రల్ అరిజోనా అనే రెండేళ్ల కాలేజీలో పనిచేసినవారే. యూసీఎల్‌ఏ హెడ్ కోచ్ కెల్లీ ఇనోయె-పెరెజ్ అక్కడే క్యాచర్‌గా ఆడి, ఏళ్ల తరబడి అక్కడే అసిస్టెంట్‌గా ఉండి, 2007 సీజన్‌కు హెడ్ కోచ్ అయ్యారు. మీ అమ్మాయి కూడా క్యాచర్ కదా. మైదానమంతా ఎదురుగా కనిపించే చోటు అదొక్కటే. ముంజేతికి కట్టుకున్న కార్డులో అంకె చూసి, ఏ రకం బంతి వేయాలో పిచర్‌కి, అంటే బంతి వేసే అమ్మాయికి చెప్పి, బ్యాటర్ ఎక్కడ నిలబడిందో గమనించి... తెలియకుండానే కోచ్ పని సగం చేస్తూనే ఉంది.

మిగతా సగం ఏమిటో తనకి తెలుసా అన్నదే నా అనుమానం. చిన్న కాలేజీలో హెడ్ కోచ్ అంటే పొద్దున ఇన్‌ఫీల్డ్ మట్టి చదును చేసేది, సున్నం గీతలు గీసేది, వాన వస్తే మైదానం మీదికి టార్పాలిన్ లాగేది, మ్యాచ్‌కి వ్యాన్ నడిపేది కూడా చాలాచోట్ల ఆవిడే. పెద్ద కాలేజీలో ఆ పనులకు మనుషులుంటారు, కానీ అక్కడ వేసవంతా టోర్నమెంట్లలో బ్యాక్‌స్టాప్ కంచె వెనక మడత కుర్చీ వేసుకుని, రాడార్ గన్ పట్టుకుని పదహారేళ్ల పిల్లల్ని చూస్తూ కూర్చోవాలి. పదకొండో గ్రేడ్ సెప్టెంబర్ 1 దాకా డివిజన్ 1 కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ మాట మాట్లాడకూడదు, ఆ రోజు అర్ధరాత్రి దాటగానే ఫోన్లు మోగుతాయి. ఇంత కష్టపడి తెచ్చుకున్న పిచర్ ఏడాది తిరక్కుండా వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ల ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టేయొచ్చు. బెంచి మీద కూర్చున్న అమ్మాయి వాళ్ల నాన్న ఫోన్ చేసి అరుస్తాడు. ఓడితే కాంట్రాక్ట్ పోతుంది, హెడ్ కోచ్‌తో పాటు అసిస్టెంట్లూ సామాను సర్దుకోవాలి. సీఎస్‌లో లేఆఫ్‌లు లేవా అంటారా? ఉన్నాయి, మీకే బాగా తెలుసు. కానీ అక్కడ అదే ఊళ్లో ఇంకో కంపెనీ దొరకొచ్చు. ఇక్కడ ఊరే మారాలి.

అవకాశాలు ఎన్ని అంటే, డివిజన్ 1లో సాఫ్ట్‌బాల్ ఉన్న కాలేజీలు సుమారు 300. డివిజన్ 2, 3, ఎన్‌ఏఐఏ (ఎక్కువగా చిన్న కాలేజీలుండే మరో సంఘం), రెండేళ్ల కాలేజీలు అన్నీ కలిపితే వెయ్యి దాటతాయి. ఒక్కోదానికి ఒక్క హెడ్ కోచ్. చిన్న కాలేజీల్లో జీతం ఇంచుమించు స్కూల్ టీచర్ జీతమే. నా మాట నమ్మనక్కర్లేదు, టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ ఉద్యోగుల జీతాలు పబ్లిక్ రికార్డే. ఓ సాయంత్రం ఇద్దరూ కూర్చుని చూడండి.

ఇక మీవారి మధ్యేమార్గం. స్పోర్ట్స్ అనలిటిక్స్, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అనే పేర్లు ఈమధ్య ప్రతి ఇంట్లో వినిపిస్తున్నాయి. పిల్లకి ‘స్పోర్ట్స్’ దొరికింది, తండ్రికి ‘అనలిటిక్స్’ దొరికింది, ఇద్దరూ ఖుషీ. నాకే నచ్చడం లేదు. సాఫ్ట్‌బాల్‌లో పూర్తిస్థాయి డేటా ఉద్యోగాలు పెద్ద కాలేజీల్లో కూడా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. పిచర్లు ప్రాక్టీసు చేసే బుల్‌పెన్‌లో ర్యాప్సోడో అనే పరికరం పెట్టి బంతి స్పిన్ కొలిచే పని చాలాచోట్ల స్టూడెంట్ మేనేజర్లే చేస్తున్నారు. హెడ్ కోచ్ అసిస్టెంట్‌ని తీసుకునేటప్పుడు చూసేది ఫంగో (ఫీల్డర్ల ప్రాక్టీసుకు బంతులు) కొట్టగలదా, నేలకు తగిలి వచ్చే బంతిని ఒంటితో ఆపే బ్లాకింగ్ క్యాచర్లకు నేర్పగలదా, రిక్రూటింగ్‌లో పిల్లలతో మాట్లాడగలదా అని. డిగ్రీ పేరు అందులో ఎక్కడో చివర. మీ అమ్మాయికి లెక్కలు ఇష్టమైతే లెక్కలో, స్టాటిస్టిక్సో, సీఎస్సో నేరుగా చదవనివ్వండి. ఆ డిగ్రీతో ఆటలోకి రావచ్చు, ఆట వదిలేసినా బతకొచ్చు. ఖరీదైన ప్రైవేట్ యూనివర్సిటీలో స్పోర్ట్స్ అని పేరున్న డిగ్రీకి అప్పు చేస్తే మాత్రం రెండు వైపులా ఇరుక్కుంటారు. నాన్నగారు రాజీ కుదిర్చాననుకుంటున్నారు గానీ, నిజానికి మూడు దారుల్లో బలహీనమైనది అదే.

ఇంకో ఆకర్షణ డబ్బు వార్తలు. 2024లో టెక్సస్ టెక్‌కి వచ్చిన పిచర్ నిజారీ కెనడీ ఒప్పందం పది లక్షల డాలర్లు దాటింది. ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడంపై నడిచిన కేసులో, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో, అందులో చేరిన ఒక్కో కాలేజీ ఆటగాళ్లతో మొదటి ఏడాది (2025-26) సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచుకునే వీలు వచ్చింది. ఆ కాలేజీల్లో సాఫ్ట్‌బాల్‌కి 12 స్కాలర్‌షిప్‌ల పాత పరిమితి పోయి, జట్టులో (రోస్టర్‌లో) 25 మంది అనే పరిమితి వచ్చింది. దీన్ని చూసి ‘ఆటలోకి డబ్బొచ్చింది’ అని సంబరపడే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. సాఫ్ట్‌బాల్‌లో గట్టి ఊపు ఉన్న మాట నిజమే గానీ, మీ అమ్మాయి కోచ్ అయ్యేనాటికి ఈ నియమాలు ఎన్నిసార్లు మారతాయో!

పోల్చమన్నారు కదా, ఇదిగో: డబ్బు త్వరగా వచ్చేది సీఎస్‌లో, ఆలస్యంగా వచ్చేది, అసలు రాకపోవచ్చేది కోచింగ్‌లో. అంతే తేడా. కానీ ఈ రెండూ ఒకదాన్నొకటి కాదనేవి కావు. డివిజన్ 3లో అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లు ఉండవు గానీ, గట్టి చదువు చదువుతూ నాలుగేళ్లు ఆడొచ్చు. అక్కడి నుంచి కోచ్‌లైనవాళ్లు కోకొల్లలు. కాలేజీ కోచింగ్ అచ్చిరాకపోతే, టెక్సస్‌లోనే హైస్కూల్ దారి ఉంది. ప్రభుత్వ హైస్కూళ్లలో కోచ్ సాధారణంగా ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగే అయి ఉండాలి. లెక్కల టీచర్‌గా సర్టిఫికెట్ తెచ్చుకుని సాయంత్రం సాఫ్ట్‌బాల్ నేర్పితే జీతం, పెన్షన్, సొంత ఊరు అన్నీ ఉంటాయి. అది ఓటమి కాదు, చాలామంది కోరి ఎంచుకునే జీవితం. లెక్కలు బాగా వచ్చిన పిల్ల రోడ్డున పడదమ్మా, నిశ్చింతగా నిద్రపోండి.

ఈ వేసవిలో ఒక పని చేయండి. మీ ఊళ్లో పదేళ్లలోపు పిల్లల టీమ్‌కి తనని సాయంగా నిలబడనివ్వండి. ఏడుస్తున్న తొమ్మిదేళ్ల పిల్లకి బ్యాట్ పట్టుకోవడం మళ్లీ మళ్లీ చూపించడం, ‘మా అమ్మాయిని షార్ట్‌స్టాప్‌లో ఎందుకు పెట్టలేదు’ అని వచ్చే తల్లికి జవాబు చెప్పడం ఎలా ఉంటుందో రెండు నెలల్లో తెలిసిపోతుంది. అది కూడా నచ్చితే, ఆడటానికి కాలేజీలకు రాసే మెయిల్‌లో ‘తర్వాత కోచింగ్‌లోకి రావాలని ఉంది’ అని ఒక వాక్యం చేర్చమనండి. కోచ్ ఫోన్ చేస్తే, ‘మీ దగ్గర ఆడినవాళ్లలో ఇప్పుడు కోచ్‌లుగా ఎవరున్నారు?’ అని అడగమనండి. పేర్లు గబగబా చెప్పే కాలేజీని జాబితాలో పైన పెట్టుకోవచ్చు. ఆ మెయిల్ మాత్రం తనే రాయాలి. మీరు రాసిపెట్టకండి, దిద్దకండి. పేరెంట్ రాసిన మెయిల్‌ని కోచ్‌లు మొదటి రెండు లైన్లలోనే పట్టేస్తారు.