బాలానగర్‌లో మెకానికల్ ఇంజినీరు ఉద్యోగం ఎలా ఉంటుంది?

బీటెక్ మెకానికల్ పూర్తయింది, హైదరాబాద్ బాలానగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, చేరాలా లేక స్నేహితుల్లాగా అమీర్‌పేటలో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లాలా అని అడిగారు. ఆ చుట్టుపక్కల సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) షాపుల్లో ప్రొడక్షన్, క్వాలిటీ రెండూ చూసినవాడిగా చెప్తున్నాను. మెషిన్ల మీద ఇష్టం ఉంటే చేరండి. కానీ జీతం సంగతులన్నీ ముందే తేల్చుకోండి.

చిన్న కంపెనీలో పని గిరి గీసినట్టు ఉండదు. డ్రాయింగ్ చదవడం, టూల్ ఆఫ్‌సెట్ (మెషిన్‌లో కోసే టూల్ స్థానానికి ఇచ్చే సవరణ) సరిచేయించడం, కస్టమర్ ఇన్‌స్పెక్టర్‌కి జవాబు చెప్పడం, అన్నీ మన మీదే పడతాయి. కష్టమే, కానీ అంత త్వరగా పని ఇంకెక్కడా రాదు.

ఒకటి చెప్తాను. మే నెలలో మెషిన్ మీంచి దించిన అల్యూమినియం భాగం ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. డిగ్రీ వేడి పెరిగితే అల్యూమినియం మీటరుకు సుమారు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. 300 మిల్లీమీటర్ల భాగం 30 డిగ్రీల దగ్గరుంటే, కొలతలకు ప్రామాణికమైన 20 డిగ్రీలప్పటి కన్నా దాదాపు 70 మైక్రాన్లు పొడుగు చూపిస్తుంది. డ్రాయింగ్‌లో టాలరెన్సేమో, అంటే ఒప్పుకునే తేడా, అటూ ఇటూ 20 మైక్రాన్లే. ఆ వేడి మీదే కొలిస్తే మంచి భాగం రిజెక్ట్‌లోకి పోతుంది. ఆ కొలత నమ్మి ఆఫ్‌సెట్ మారిస్తే తర్వాత వచ్చేవన్నీ నిజంగానే పాడవుతాయి. అందుకే 20 డిగ్రీల గదిలో పెట్టి, చల్లారాకే సీఎంఎం (భాగాల్ని కచ్చితంగా కొలిచే మెషిన్) మీదకు ఎక్కించాలి. నెలాఖరు, గేటు దగ్గర బండి రెడీ, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అంత టెన్షన్‌లోనూ "ఇంకాసేపు ఆగాలి సార్" అని గట్టిగా చెప్పగలగాలి. ఆ భాగం కస్టమర్ దగ్గర ఒక్కసారికే పాసైతే వచ్చే తృప్తి మాత్రం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇక బాధలు. నేను పనిచేసిన ఒకచోట జీతం ఒకటో తారీఖున పడేది కాదు, కస్టమర్ బిల్లు పాసయ్యాకే. ఈఎంఐలు ఉన్నవాళ్లు నలిగిపోయేవారు. ఓవర్‌టైమ్ ఆపరేటర్లకు రాసేవారు, రాత్రి వాళ్లతోపాటే ఉన్న ఇంజినీర్లకు రాసేవారు కాదు. అది అన్యాయమనే అంటాను.

చేరేముందు బేసిక్ ఎంతో అడగండి. పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కడతారా, 15,000 పరిమితి మీద నెలకు 1,800తో సరిపెడతారా కనుక్కోండి. కంపెనీ రోల్స్‌లోనా, కాంట్రాక్టర్ కిందా అన్నది కూడా ముఖ్యమే, పర్మినెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ 5 ఏళ్ల సర్వీసుకి వస్తుంది కాబట్టి. కోర్సే చేయాలనుకుంటే, 1968 నుంచి బాలానగర్‌లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీలో టూల్ డిజైన్, క్యాడ్ క్యామ్ (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ) కోర్సులు ఉన్నాయి, వెళ్లి చూడండి.

ఇంకొకటి, ఆఫర్‌కి ఓకే చెప్పేలోపు షిఫ్టు మారే వేళ ఆ కంపెనీ పక్కనున్న టీ కొట్టుకి వెళ్లి, "అన్నా, ఇక్కడ జీతాలు టైముకి పడుతున్నాయా?" అని అక్కడి ఆపరేటర్లను అడగండి. హెచ్‌ఆర్ చెప్పనివి వాళ్లు చెప్తారు.