బెర్లిన్ ప్రైవేటా, మాగ్డెబుర్గ్ ప్రభుత్వ యూనివర్సిటీయా?

ప్రశ్న: మా పాప బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేసింది. జర్మనీలో ఎమ్మెస్‌కు రెండు చోట్ల అడ్మిషన్ వచ్చింది. ఒకటి బెర్లిన్‌లో ప్రైవేటు యూనివర్సిటీ. ఏడాదికి 12,000 యూరోల ఫీజు, పది రోజుల్లో డిపాజిట్ కట్టమంటున్నారు. రెండోది మాగ్డెబుర్గ్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీలో డేటా అండ్ నాలెడ్జ్ ఇంజనీరింగ్. పాప అక్కడికే వెళ్తానంటోంది. కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం బెర్లిన్‌లోనే ఉద్యోగాలు ఉంటాయంటున్నారు. మా బావమరిది కొడుకు కూడా బెర్లిన్‌లో ఉన్నాడు. మాగ్డెబుర్గ్‌లో దాడి జరిగిందని టీవీలో చూసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ భయంగా ఉంది. ఎటు పంపమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సర్, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మాగ్డెబుర్గ్‌కి పంపండి. మీ పాప సరిగ్గానే ఆలోచించింది.

డబ్బు సంగతి చూద్దాం. ఎక్కడ చదివినా బ్లాక్డ్ అకౌంట్, అంటే వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే ఖాతా, తప్పదు. 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అది ఫీజు కాదు, పాప తిండికి, అద్దెకు నెలనెలా 992 యూరోల చొప్పున తిరిగి తన చేతికే వచ్చే డబ్బు. బెర్లిన్ కాలేజీకి కట్టే రెండేళ్ల ఫీజు, 24,000 యూరోలు, దానికి అదనం. యూరో నూరు రూపాయలనుకున్నా 24 లక్షలు. మాగ్డెబుర్గ్‌లో ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కు ఇంతని చిన్న మొత్తం కడితే చాలు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలన్నీ ఇలాగే ఉంటాయని అనుకోవద్దు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మన పిల్లల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటున్నారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు మొదలుపెట్టింది. మీ పాపకు వచ్చిన సీటుకు ఆ భారం లేదు. ఇరవై నాలుగు లక్షల అప్పు నెత్తిన లేని పిల్ల మొదటి ఉద్యోగాన్ని తొందరపడకుండా ఎంచుకోగలుగుతుంది. ఇన్నేళ్లుగా పిల్లల్ని పంపిస్తూ చూశాను, ఆ తేడా చాలా పెద్దది.

కన్సల్టెన్సీ వాళ్లు బెర్లిన్ అని ఎందుకు గట్టిగా చెప్తున్నారో కూడా తెలుసుకోండి. పిల్లల్ని చేర్పించినందుకు ప్రైవేటు కాలేజీల నుంచి ఏజెంట్లకు కమీషన్ వస్తుంది, ప్రభుత్వ యూనివర్సిటీల నుంచి రాదు. ప్రైవేటువన్నీ చెడ్డవని నేను అనడం లేదు. ఒకవేళ మీరు అటే మొగ్గితే, క్లాసుల్లో ఎన్ని క్యాంపస్‌లో జరుగుతాయో, ఎన్ని ఆన్‌లైన్‌లో జరుగుతాయో, వీసా రాకపోతే డిపాజిట్ వెనక్కి ఇస్తారో లేదో ఆ కాలేజీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. విద్యార్థి వీసా ఇచ్చేది అక్కడ కూర్చుని చదవడానికి. సగం చదువు ల్యాప్‌టాప్‌లో అయితే వీసా దగ్గరే చిక్కు వస్తుంది.

ఉద్యోగాల మాట పూర్తిగా అబద్ధం కాదు. మాగ్డెబుర్గ్‌లో ఇంటెల్ పెద్ద ఫ్యాక్టరీ పెడుతుందని 2022లో ప్రకటించారు. 2025 జులైలో ఆ ప్రాజెక్టు రద్దయింది. కాబట్టి ఊళ్లోనే ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. కానీ జర్మనీలో చదివిన ఊళ్లోనే ఉద్యోగం చేయాలని ఏమీ లేదు. ఫోక్స్‌వాగన్ ఉన్న వోల్ఫ్స్‌బుర్గ్ దగ్గరే. బెర్లిన్‌కు ఆర్‌ఈ1 రైలు నేరుగా వెళ్తుంది, గంటా నలభై నిమిషాలు. మీ బావమరిది కొడుకు అంత దూరంలోనే ఉంటాడు. పండక్కి వెళ్లి రావచ్చు, ఆపదొస్తే అతను సాయంత్రానికల్లా వచ్చేయొచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. ఆ 18 నెలల్లో అసలు అడ్డం జర్మన్ భాష. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా, ఇంటర్వ్యూ తర్వాత టీమ్ మాట్లాడుకునేది జర్మన్‌లోనే. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె జెంట్రమ్ ఉంది. ఇప్పుడే మొదటి స్థాయి ఏ1 మొదలుపెట్టించండి, చదువు పూర్తయ్యేలోగా మధ్యస్థాయి బీ1 అయినా దాటాలి.

ఇక మీ భయం. 2024 డిసెంబర్ 20న మాగ్డెబుర్గ్ క్రిస్మస్ మార్కెట్‌లో ఒకడు కారుతో జనం మీదికి దూసుకెళ్లాడు. ఆరుగురు చనిపోయారు, గాయపడినవాళ్లలో మన దేశంవాళ్లూ ఉన్నారు. మీరు భయపడటంలో తప్పేమీ లేదు. కానీ బెర్లిన్‌లోనూ 2016 డిసెంబర్‌లో ఇలాంటి దాడే జరిగింది. దాన్నిబట్టి ఒక ఊరు మంచిది, ఇంకోటి కాదు అని తేల్చలేం. నేను దాచకుండా చెప్పాల్సింది వేరే ఉంది. మాగ్డెబుర్గ్ ఉన్న తూర్పు జర్మనీలో విదేశీయులంటే ముఖం చిట్లించేవాళ్లు కొంతమంది ఉన్నారు. ట్రామ్‌లో ఎవరైనా ఏదో అంటే పాప బెదిరిపోకుండా, వాదనకు దిగకుండా పక్కకు వచ్చేయాలి. రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా తిరగకుండా సీనియర్లతో కలిసి రావాలి. 110 పోలీసులకు, 112 అంబులెన్స్‌కు. ఈ రెండు నంబర్లు బయల్దేరేముందే నోటికి వచ్చి ఉండాలి. మాగ్డెబుర్గ్‌లో మన పిల్లలు చాలామందే ఉన్నారు, ఆ తోడు దొరుకుతుంది.

ఇక్కడి నుంచి మీ పాపకు చెప్తున్నాను.

అమ్మా, చదువు విషయంలో మనవాళ్లు అక్కడ తడబడేది తెలివి లేక కాదు, నిబంధనలు చదవక. మన కాలేజీలో సబ్జెక్టు పోతే సప్లీ రాసుకోవచ్చు, ఎన్నిసార్లయినా. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. అదే కోర్సులో జర్మనీలో ఇంకోచోట చేరడానికీ దారి మూసుకుపోతుంది, వీసా కూడా చిక్కులో పడుతుంది. క్లాసులకు వెళ్తే సరిపోదు, ప్రతి పరీక్షకూ పోర్టల్‌లో విడిగా పేరు నమోదు చేసుకోవాలి. గడువు దాటితే ఎంత చదివినా హాల్లోకి రానివ్వరు. సిద్ధంగా లేవనిపిస్తే గడువులోగా పేరు వెనక్కి తీసుకో, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇంటర్నల్ మార్కులు కాపాడతాయని అనుకోకు. చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ చివర రాసే ఆ ఒక్క పరీక్షే మొత్తం. మార్కుల లెక్క కూడా తిరగేసి ఉంటుంది, 1.0 అన్నిటికన్నా ఎక్కువ, 4.0 దాకా పాస్. 1.7 వచ్చిందని ఫోన్ చేస్తే నాన్న కంగారు పడకుండా ఇప్పుడే ఆయనకు చెప్పి పెట్టు.

గది కోసం ఈరోజే ష్టుడెంటెన్‌వెర్క్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టు. చదువుకునే పిల్లలకు హాస్టళ్లు నడిపేది వాళ్లే, క్యూ పొడుగ్గా ఉంటుంది. వీసా వచ్చాక చూద్దామనుకునేవాళ్లే అక్టోబర్‌లో ఎవరి సోఫా మీదో పడుకుంటారు. నేను పంపిన పిల్లల్లో ఒకబ్బాయి ఆన్‌లైన్‌లో గది ఫొటోలు చూసి, ఓనరు విదేశంలో ఉన్నానంటే నమ్మి రెండు నెలల అద్దె పంపాడు. దిగాక చూస్తే ఆ అడ్రసులో గదే లేదు. ఒప్పందం మీద సంతకం అయ్యేదాకా, గదిని నువ్వో నీకు తెలిసినవాళ్లో కళ్లతో చూసేదాకా ఒక్క యూరో పంపకు.

దిగిన రెండు వారాల్లోగా ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు చేయించాలి, దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. బ్యాంకు ఖాతా, ట్యాక్స్ నంబర్, రెసిడెన్స్ పర్మిట్ అన్నీ దాని వెనకాలే కదులుతాయి. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు చేతికి రావడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, కాబట్టి ఆ నెల గడవడానికి ఫారెక్స్ కార్డులో డబ్బు విడిగా ఉంచుకో. ఇంకో చిన్న విషయం, చాలామంది మర్చిపోయేది. పోస్టు డబ్బా మీద నీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా అంటించు. అక్కడ ముఖ్యమైన ఉత్తరాలన్నీ ఇంకా పోస్టులోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమ్యాన్ వెనక్కి తీసుకెళ్లిపోతాడు.

పార్ట్ టైమ్ పనికి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు అనుమతి ఉంది. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. అయినా మొదటి సెమిస్టర్‌లో పని వద్దని నా సలహా. గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేసి పొద్దున క్లాసులో నిద్రపోయిన పిల్లలే ఆ మూడు అవకాశాలూ పోగొట్టుకుంటున్నారు. రెండో సెమిస్టర్ నుంచి ప్రొఫెసర్ల దగ్గర దొరికే హీవీ పని, అంటే స్టూడెంట్ అసిస్టెంట్ పని, వెతుక్కో. డబ్బు కొంచెమే అయినా నీ చదువుకు దగ్గరగా ఉంటుంది.

నవంబర్ వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే బియ్యం, కూరగాయలు తెచ్చిపెట్టుకో. ఆ నెలలో ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తే నువ్వు బలహీనురాలివని అనుకోకు, అందరికీ వస్తుంది. గదిలో ఒక్కదానివే కూర్చోకుండా కామన్ కిచెన్‌లోకి వచ్చి నలుగురితో కలిసి వండుకో. పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరువు. పొగకు హాస్టల్ అలారం మోగి ఫైరింజన్ వస్తే ఆ బిల్లు నీకే రావచ్చు.

సర్, బెర్లిన్ డిపాజిట్ గడువు ఇంకా ఉంది కదా, ఈలోగా కట్టకండి. మాగ్డెబుర్గ్ కోర్సుకు సంబంధించిన మాడ్యూల్ హ్యాండ్‌బుక్ (ఏ సబ్జెక్టులో ఏం చెప్తారో ఉండే పుస్తకం), పరీక్షల నిబంధనలు యూనివర్సిటీ సైట్‌లోనే ఉంటాయి. పాపను ఆ రెండూ మొదటి పేజీ నుంచి చదవమనండి. మెషిన్ లెర్నింగ్, డేటాబేస్ సబ్జెక్టుల్లో తను బీటెక్‌లో చదవనివి ఏమున్నాయో ఒక కాగితం మీద రాసుకుని, విమానం ఎక్కేలోగా వాటిలో రెండైనా నేర్చుకోమనండి. ఏ నిబంధన దగ్గరైనా అర్థం కాక ఆగిపోతే ఆ పేజీ నంబరు వేసి నాకు రాయమనండి, కూర్చుని కలిసి చదువుతాం.