టెర్రస్ ఎవరిది? కార్పస్ ఎక్కడ?

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చి ఏడాదైంది. టెర్రస్‌లో సగం పై అంతస్తు వాళ్లకు అమ్మేశానని బిల్డర్ అంటున్నాడు. సంఘం పెట్టనివ్వడు, కార్పస్ ఫండ్ (నిర్వహణ కోసం కొనుగోలుదార్ల దగ్గర వసూలు చేసిన మూలనిధి) లెక్క చెప్పడు. ఏం చేయాలి? (పాఠకురాలు, నిజాంపేట)

జవాబు: ముందు టెర్రస్ సంగతి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 2(ఎన్) టెర్రస్‌లనూ, ఓపెన్ పార్కింగ్‌నూ, ఉమ్మడి బేస్‌మెంట్లనూ ఉమ్మడి స్థలాల కింద చేర్చింది. కనుక టెర్రస్‌ను ఒకరికి విడిగా అమ్మే హక్కు బిల్డర్‌కు లేదు. తెలంగాణలో 2017 జనవరి 1 నుంచి అనుమతి పొందిన ప్రాజెక్టులకు రెరా వర్తిస్తుంది, కాబట్టి మీ పర్మిట్ తేదీ ముందు చూసుకోండి. అంతకు ముందుదైతే 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టమూ, మీ సేల్ డీడ్‌లూ ఆధారం. నలుగురైదుగురి డీడ్‌లు పక్కపక్కన పెట్టి షెడ్యూల్ (ఆస్తి వివరాల పట్టిక) చదవండి. అవిభాజ్యపు వాటా (స్థలంలో ఒక్కో ఫ్లాటు వంతు) ఎన్ని గజాలో, టెర్రస్ ప్రస్తావన ఎవరి డీడ్‌లో ఉందో అక్కడే తేలుతుంది.

సంఘం పెట్టడానికి బిల్డర్ సంతకం కోసం ఆగకండి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. మెమొరాండం (సంఘం ఆశయాల పత్రం), బైలాస్ (సంఘం నియమావళి), గుర్తింపు పత్రాలు తీసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దరఖాస్తు చేయండి. అయితే ఏడుగురితో మొదలుపెట్టి మిగతా 33 ఇళ్లను పక్కన పెడితే ఆ సంఘం నిలవదు. అందరికీ సభ్యత్వం ఇవ్వండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక బిల్డర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. ఓసీ, మంజూరైన ప్లాన్లు, లిఫ్ట్, ఫైర్ పత్రాలు, జనరేటర్, మోటార్ల వారంటీ కాగితాలు, కార్పస్ వసూళ్ల జాబితా అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. ‘అన్ని పత్రాలు’ అని రాస్తే నాలుగు జిరాక్సులు పంపి ఊరుకుంటారు. ఓసీ వచ్చిన మూడు నెలల్లో ఉమ్మడి స్థలాల హక్కును సంఘం పేరిట రాసివ్వాలని రెరా చట్టం సెక్షన్ 17 చెబుతోంది. ఇవ్వకపోతే రెరా అథారిటీకి ఫిర్యాదు చేయండి. పనిలో పనిగా లీకులూ, పగుళ్లూ తేదీలతో ఫొటోలు తీసిపెట్టండి. ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలో బయటపడే నిర్మాణ లోపాలను, తెలిపిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేసే బాధ్యత బిల్డర్‌దే. ఈ గడువు చాలా సంఘాలు చేజేతులా పోగొట్టుకుంటున్నాయి.

ప్రశ్న: రెండు ఫ్లాట్ల వాళ్లు 14 నెలలుగా మెయింటెనెన్స్ కట్టడం లేదు. నీళ్లు ఆపేద్దామని కమిటీ అంటోంది. సబబేనా? (కార్యదర్శి, విజయవాడ)

జవాబు: ఆపవద్దు. బకాయి మీ హక్కే, కానీ ఇంట్లో పసిపిల్లలో, పెద్దవాళ్లో ఉంటారు. నీళ్లు ఆపితే కోర్టులో ఫిర్యాదీలు వాళ్లు, ప్రతివాదులు మీరు అవుతారు. కరెంటు సంగతి సరేసరి, మీటరు డిస్కమ్‌ (విద్యుత్ పంపిణీ సంస్థ)ది.

పని చేసే దారి బైలాస్‌లోనే ఉంటుంది. ఆలస్య రుసుము ఎంతో అందులో లేకపోతే ముందు సర్వసభ్య సమావేశంలో బైలాస్ సవరించుకోండి. కమిటీ తీర్మానంతో వడ్డీ వేయలేరు. మినిట్స్ ఇలా ఉండాలి: ‘హాజరు 31. అనుకూలం 24, వ్యతిరేకం 5, తటస్థం 2.’ ‘అందరూ ఒప్పుకున్నారు’ అని రాసి వదిలేస్తే కోర్టులో నిలవదు.

తర్వాత నెలవారీ లెక్కతో 15 రోజుల నోటీసు పంపండి. కట్టకపోతే 2001 నాటి సొసైటీల చట్టం సెక్షన్ 23 కింద జిల్లా కోర్టుకో, ఆర్బిట్రేషన్‌ (మధ్యవర్తిత్వం)కో వెళ్లవచ్చు. మూడేళ్లు దాటిన బకాయికి కాలదోషం పడుతుంది, అంటే కోర్టు ద్వారా వసూలు చేయలేరు, అందుకని ఏటా బాకీ ఒప్పుదల సంతకం తీసుకోండి. గడువు ముగియకముందు తీసుకుంటేనే అది పనికొస్తుంది.

ప్రశ్న: మెయింటెనెన్స్‌పై జీఎస్టీ ఎప్పుడు పడుతుంది? (కోశాధికారి, హైదరాబాద్)

జవాబు: సంఘం ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటి, సభ్యుడి నెల చందా రూ.7,500 మించితేనే, 18 శాతం. నెలకు రూ.8,000 అయితే, కేంద్ర ఆర్థిక శాఖ 2019 జులై సర్క్యులర్ ప్రకారం పన్ను మొత్తం రూ.8,000 మీద, అంటే రూ.1,440. మద్రాస్ హైకోర్టు 2021 తీర్పు ప్రకారం మించిన రూ.500 మీదే, అంటే రూ.90. రెండు ఫ్లాట్లున్నవారికి పరిమితి ఒక్కో ఫ్లాటుకు విడివిడిగా లెక్క. రాబడి 20 లక్షలకు దగ్గరపడుతోందంటే ఏడాది మధ్యలోనే ఆడిటర్‌ను అడగండి.