రాక్షసుడు పిట్టగోడ ఎందుకు దాటడు?

తమ్ముడూ,

నువ్వు తయారుచేస్తున్న బల్లమీది యుద్ధపు ఆట రూల్సు, ఆ లోకం కథ రెండూ చదివాను. కథ ముందు చదవడం నా పొరపాటు. అందులో నీ కొండరాక్షసుడు కోటబురుజును ఒంటిచేత్తో పెకలిస్తాడు. రూల్సుకొచ్చేసరికి నడుమెత్తు పిట్టగోడ దగ్గర ఆగిపోయి, పాచిక మీద నాలుగు పడితే గానీ కాలు ఎత్తలేడు. ఈ తేడా నీకూ కనపడ్డట్టుంది. అందుకే పదకొండో అధ్యాయంలో ఒక మునిని దింపి, రాతికట్టడం దాటబోతే కాళ్లు బరువెక్కేలా శాపం పెట్టించావు. నవ్వొచ్చింది, ఏమనుకోకు. నీ వయసులో నేనూ ఇలాంటి మునుల్ని ముగ్గుర్ని పోషించాను.

ఆ శాపం కొట్టెయ్. రాక్షసుడు పిట్టగోడకే ఆగేట్టయితే ఆ లోకంలో కోట కట్టే వెర్రివాడెవడు? ఊరిచుట్టూ నడుమెత్తు గోడ పెట్టుకుని హాయిగా నిద్రపోతారు. నీ కథేమో మొత్తం కోటల మీదే నడుస్తోందాయె. రూలుకు పడ్డ చిన్న చిల్లుకి కథలోంచి గుడ్డ చింపి అతుకేశావు. ఇప్పుడు కథకి పడింది పెద్ద చిల్లు.

అలాగని రూలూ కథా ప్రతి అంగుళంలో కలవాలని నేననను. 1983లో ఇంగ్లండ్‌లో మొదలైన, బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే వార్‌హామర్‌నే చూడు. అందులో పొడవాటి విల్లు ముప్ఫై అంగుళాలు వేస్తుంది. నిలువెత్తు మనిషికి బదులు నిలబడే బొమ్మ ఎత్తు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ లెక్కన బాణం పోయేది యాభై గజాలు. అసలు విల్లు రెండు వందల గజాలు దాటించేది. లెక్కప్రకారం పెడితే బాణం ఒక్కటే పదడుగులు పోవాలి. ఆడే బల్ల పొడవే ఆరడుగులు. ఇది పచ్చి అబద్ధమే, అయినా ఎవరికీ నొప్పి లేదు. ఎందుకంటే విలుకాళ్ల నాయకుడు లోకంలో వేసుకునే ప్రశ్నే ఆటగాడూ బల్ల దగ్గర వేసుకుంటాడు: గుర్రాలు మీదికొచ్చేలోపు ఎన్నిసార్లు వేయగలను? దూరం మారింది గానీ గుండెదడ మారలేదు.

ఇప్పుడు అదే ఆటలో ఫిరంగి సంగతి చూడు. పాత కూర్పుల్లో ఎంత దూరం వేయాలో కంటితో అంచనా కట్టి చెప్పాలి. (ఆ ఆటలో టైలర్లకీ వడ్రంగులకీ పుట్టుకతోనే పై చేయి అని నా అనుమానం.) 2010 నాటి ఎనిమిదో కూర్పులో ముందే టేపు పెట్టి కొలుచుకోనిచ్చారు. దాంతో గురి తప్పడం తగ్గింది. తగిలిన గుండు పాచిక మీద ఎంత పడితే అన్ని దెబ్బలు వేసేది. సైన్యంలోకి తీసుకునే ప్రతిదానికీ పాయింట్లలో ఖరీదుంటుంది. వంద చిల్లర పాయింట్ల ఫిరంగి మూడు వందలకు పైబడ్డ డ్రాగన్‌ని ఒకటి రెండు గుండ్లతో నేల కూల్చేది. కథల్లో డ్రాగన్ ఎక్కిన దొరని చూసి సైన్యాలు చెదిరిపోతాయి. ఆట తెలిసినవాడు మాత్రం ఎదుటివాడి దగ్గర ఫిరంగి ఉందని తెలిస్తే డ్రాగన్‌ని పెట్టెలోంచి తీసేవాడు కాదు. ఇక్కడ తప్పింది కొలత కాదు, ఎవరికి ఎవరంటే భయమన్నదే తలకిందులైంది. నేను పట్టించుకునే తప్పు ఇదొక్కటే.

నువ్వు చిన్నప్పుడు పులిమేక ఆడావో లేదో. మా ఊళ్లో గుడి అరుగు మీదే గీసి ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టేస్తాయి. ఏ అడవిలో జరుగుతుందది? అయినా మా తాతని ఎవరూ అడగలేదు. ఒంటరిగా దొరికిన మేక మీంచి పులి దూకుతుంది. దాని వెనక ఇంకో మేక నిలబడితే దూకలేదు. మంద విడిపోతే చావేనన్న సంగతి ఆ గీతల్లో ఉంది కాబట్టి మిగతాదంతా మాకు చెల్లిపోయింది.

నీ రాక్షసుణ్ణి ఈ కంటితో చూడు. గోడ వెనక నిలబడ్డ సైనికుడు ఏమనుకోవాలి? ఇప్పుడు నీ రూల్సు ప్రకారం వాడు ధీమాగా ఉంటాడు. నీ కథ ప్రకారం వాడికి చెమటలు పట్టాలి. కాబట్టి రాక్షసుడు గోడని దాటడు, తొక్కుకుంటూ పోతాడు. ఆ గోడముక్క బల్ల మీంచి తీసేయాలి. ఆ టర్న్‌లో ఇంకెవరినీ కొట్టకూడదను, సరిపోతుంది. ఖరీదు మాత్రం పెంచు.

అయినా రూలుకి అందనివి మిగులుతాయి. 1824లో జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యం కోసం అక్కడి అధికారి రైస్విట్జ్ చేసిన యుద్ధపు ఆటలో దెబ్బల లెక్కకి పట్టికలు బోలెడు, పక్కన తీర్పరి. 1876లో అదే సైన్యపు అధికారి వెర్డీ ద్యు వెర్న్వా ఆ పట్టికల్ని పక్కనబెట్టి, అనుభవమున్న తీర్పరి మాటే చెల్లాలన్నాడు. అధికారుల మధ్య అది చెల్లింది. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ పందెం కట్టి ఆడే నలుగురు స్నేహితుల మధ్య చెల్లదు. నీ ఆట అలాంటివాళ్లకే కాబట్టి, మాటామాటా వస్తే పాచిక వేసి తేల్చుకోమని ఒక్క వాక్యం రాసి వదిలెయ్.

మార్చిన ప్రతి పంపు. అన్నట్టు, ఆ ముని శిష్యుడొకడు పద్దెనిమిదో అధ్యాయంలో శాపవిమోచనం చెప్పడానికి వస్తాడు. గురువు పోయాక వాడికి అక్కడేం పని? వాణ్ణీ పంపించెయ్.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య