మొదటి కుట్టుమిషన్: ఉన్న డబ్బంతా మిషన్‌కే పెట్టేయాలా?

మీ ప్రశ్న చదివానండి. కుట్టు కొత్తగా నేర్చుకుంటున్నారు, కొంచెం డబ్బు పక్కన పెట్టుకున్నారు, షాపతనేమో ఎంబ్రాయిడరీ కూడా చేసే కంప్యూటర్ మిషన్ ఈఎంఐలో తీసుకోమంటున్నాడు, ఆన్‌లైన్‌లో చూస్తే బుల్లి మిషన్ ఒకటి చాలా చవగ్గా కనపడుతోంది, ఏది కొనాలి అని అడిగారు. రెండూ వద్దండి.

బుల్లి మిషన్‌లో మోటారుకి బలం ఉండదు. నడుము పట్టీ, జేబు మూల లాంటి నాలుగు మడతలు కలిసే చోట సూది ఆగిపోతుంది, కొన్నిట్లో అయితే కింద బాబినే (కింది దారం చుట్టి పెట్టే చిన్న చక్రం) ఉండదు, ఒకే దారంతో గొలుసుకుట్టు వేస్తాయి, చివర ముడి వెయ్యకపోతే కొస పట్టి లాగగానే కుట్టంతా సర్రున ఊడొచ్చేస్తుంది. లోపం మిషన్‌ది అని తెలీక నాకే చేతకావట్లేదు అనుకుని కుట్టు మానేస్తారు జనం. తిరిగి అమ్ముదామన్నా కొనేవాళ్లు ఉండరు, అంటే పెట్టిన డబ్బు మొత్తం పోయినట్టే.

కంప్యూటర్ మిషన్ మంచిదే, కానీ మొదటి ఏడాది మీరు వాడేది తిన్నని కుట్టు, అంచులకి జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకరగా పడే కుట్టు), కాజాలు, ఇంతే. మిగతా డిజైన్లకి ఇప్పుడే డబ్బు కట్టి దాని మీద వడ్డీ కూడా కట్టడం ఎందుకు? పైగా లోపల బోర్డు పోతే మామూలు మెకానిక్ చెయ్యి పెట్టలేడు.

ఈఎంఐ గురించి ఒక ముచ్చట చెప్తా. వాయిదాల మీద అమ్మకాన్ని ఇంటింటికీ తీసుకెళ్లిన వస్తువుల్లో కుట్టుమిషన్ ముందుంటుంది, అమెరికాలో సింగర్ కంపెనీలో ఎడ్వర్డ్ క్లార్క్ 1856లోనే మొదలుపెట్టాడు, ఒక్కసారిగా కొనలేని కుటుంబాలు నెలనెలా కట్టుకుంటూ కొన్నాయి. అప్పట్లో చాలామందికి అది సంపాదన తెచ్చే మిషన్. మీకింకా రూపాయి రావట్లేదు కదా, అప్పు అప్పుడే వద్దు. జీరో వడ్డీ అంటే కూడా నమ్మేయకండి, మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తావ్ అని అడగండి, ఆ రేటుకీ వాయిదాల మొత్తానికీ ఉన్న తేడా, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే అదే మీ వడ్డీ.

మరి ఏం కొనాలంటే, జిగ్‌జాగ్ వచ్చే మామూలు మోటారు మిషన్ చాలు. దానికీ డబ్బు సరిపోకపోతే పాత ఇనుప మిషన్ సెకండ్ హ్యాండ్‌లో చూడండి, తిన్నని కుట్టు ఒక్కటే వస్తుంది కానీ ఆయిల్ వేస్తూ ఉంటే ఏళ్ల తరబడి నడుస్తుంది, నేర్చుకున్నాక అమ్మినా పెద్దగా నష్టం రాదు. డబ్బు తక్కువైతే నా ఓటు ఈ పాత మిషన్‌కే. చూడ్డానికి వెళ్లేటప్పుడు పల్చటి గుడ్డ ముక్క, జీన్స్ ముక్క రెండూ పట్టుకెళ్లండి. చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు, జీన్స్‌ని నాలుగు మడతలు పెట్టి కుట్టించండి, కింద వైపు దారం ఉండలు కట్టిందా చూడండి (చాలాసార్లు అది పైదారం సరిగ్గా ఎక్కించక వచ్చేదే, మళ్లీ ఎక్కించి చూశాకే బేరం వదులుకోండి), బాబిన్ పెట్టే డబ్బీ (బాబిన్ కేసు) తుప్పు పట్టి ఉంటే రేటు తగ్గించమనండి.

ఉన్న డబ్బుని నాలుగు వంతులు చేస్తే మూడొంతులే మిషన్‌కి, నాలుగో వంతు మిగతా సామాన్లకి ఉంచండి, మిషన్ కోసం ముట్టుకోవద్దు. మంచి కత్తెర, టేపు, దారాలు, అదనపు బాబిన్లు, సూదులు, పాడుచేసుకోవడానికి చవక గుడ్డ, ఒక సర్వీసింగ్, వీటి దగ్గరే అందరి లెక్కా తప్పుతుంది. సూదుల్లో పల్చటి గుడ్డకి 11 నంబరు, మామూలు కాటన్‌కి 14, జీన్స్‌కి 16 పెట్టుకుంటే మొదట్లో సరిపోతుంది. ఇంటి మిషన్లకి హెచ్‌ఏ ఇంటు 1 రకం సూది అన్నిచోట్లా దొరుకుతుంది, అదే పడుతుందా, బాబిన్ మామూలు సైజేనా అని కొనేముందే అడగండి, వాళ్ల కంపెనీవి మాత్రమే పట్టే మిషన్ అయితే ఖర్చు ప్రతి నెలా తగులుతూనే ఉంటుంది.

రేపు బయట ఆర్డర్లు వస్తే పెద్ద మిషన్ సంగతి అప్పుడు చూద్దాం. దారం, కరెంటు, రిపేర్లు పోను నెలకి ఎంత మిగులుతుందో ఆరు నెలలు రాసి పెట్టండి, కొత్త మిషన్ రేటుని ఆ మిగులుతో భాగిస్తే ఎన్ని నెలల్లో తీరుతుందో తెలుస్తుంది, అది ఏడాది లోపు వస్తే వాయిదాల్లో తీసుకున్నా నేను అడ్డు చెప్పను.